అభిరుచి బృందాల్లో మోడరేటర్ల ఎంపిక, సభ్యుల పేరు ప్రతిష్ఠలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత ఇంకు పెన్నులను సొంతంగా బాగుచేసుకునేవారి ఆన్‌లైన్ బృందానికి నేను 11 ఏళ్లుగా మోడరేటర్‌గా ఉన్నాను. మొక్కలు పెంచేవారు, పక్షుల ఫొటోలు తీసేవారు, నాణేలు సేకరించేవారు, టెలిస్కోపు అద్దాలు ఇంట్లోనే అరగదీసుకునేవారు తమ బృందాల్లో వచ్చే చిక్కుల గురించి నన్ను అడుగుతూ ఉంటారు. అభిరుచి ఏదైనా చిక్కులు మాత్రం దాదాపు ఒక్కటే. ఎక్కువసార్లు ఎదురైన ప్రశ్నలకు నా జవాబులు ఇవి.

మోడరేటర్ చేసే పని అసలు ఏమిటి?

ముప్పాతిక వంతు పని ఎవరి కంటా పడదు. ప్రకటనల చెత్త తీసేయడం, తప్పు విభాగంలో పడ్డ పోస్టును సరైన చోటికి మార్చడం, ఒకే ప్రశ్న మీద మొదలైన రెండు చర్చలను కలపడం, సభ్యులు పంపిన ఫిర్యాదులు చదవడం. మిగిలిన పాతిక వంతు తగాదాలు. బయటివారికి ఆ పాతిక వంతే కనిపిస్తుంది కాబట్టి మోడరేటర్ అంటే పోలీసు అనుకుంటారు. నాకైతే ఈ పని గ్రంథాలయంలో పుస్తకాలు సర్దే పనికి దగ్గరగా అనిపిస్తుంది. ఎవరో చదివి ఎక్కడో వదిలేసిన పుస్తకాన్ని తిరిగి దాని అరలో పెడితేనే తరువాత వచ్చినవారికి దొరుకుతుంది.

నిర్వాహకుడు వేరు, మోడరేటర్ వేరు. సర్వరు, డొమైన్ పేరు, బ్యాకప్‌లు నిర్వాహకుడు చూసుకోవాలి. 1978 ఫిబ్రవరిలో షికాగోలో వార్డ్ క్రిస్టెన్‌సెన్, ర్యాండీ స్యూస్ మొదలుపెట్టిన బులెటిన్ బోర్డులోకి (కంప్యూటర్‌లో సందేశాలు పెట్టుకునే చోటు) ఫోను లైను మీద ఒకసారికి ఒక్కరే రాగలిగేవారు. అప్పట్లో యంత్రం ఎవరిదైతే పెత్తనమూ వారిదే, అది సరిపోయింది కూడా. వందల మంది ఒకేసారి మాట్లాడుకునే చోట రెండు పనులూ ఒకరి నెత్తిన పెడితే రెండూ చెడతాయి.

ఎంతమంది ఉండాలి?

సభ్యుల సంఖ్యను బట్టి లెక్క కట్టకండి. ఒక ఫిర్యాదు వచ్చిన తరువాత ఎంతసేపటికి ఎవరో ఒకరు దాన్ని తెరిచి చూస్తున్నారో గమనించండి. తరచుగా సగం రోజు దాటుతుంటే మనుషులు చాలడం లేదని అర్థం. ముగ్గురికి మాత్రం తగ్గకూడదు. ఇద్దరే ఉండి చెరో మాట అంటే నిర్ణయం అక్కడే ఆగిపోతుంది. ముగ్గురూ ఒకే వేళల్లో మేలుకుని ఉండేవారైతే ముగ్గురున్నా ఒకరున్నట్టే.

ఎవరిని ఎంచుకోవాలి?

తప్పు చేసినప్పుడు ఎలా ప్రవర్తించారో చూసి ఎంచుకోండి. మిగతా అర్హతలన్నీ దాని తరువాతే.

ఇది నాకు ఒక పెన్ను నేర్పింది. కొత్తగా చేరిన ఒక కుర్రవాడు తన తాతగారి పెన్ను బిగుసుకుపోయిందని, పాళీ ఉన్న ముందు భాగం ఊడి రావడం లేదని రాశాడు. ఎన్నో ఏళ్లుగా పెన్నులు విప్పుతున్న ఒక సభ్యుడు రాత్రంతా గోరువెచ్చని నీళ్లలో నిలబెట్టమన్నారు. కానీ అది ఎబొనైట్ పెన్ను. ఎబొనైట్ అంటే గంధకంతో గట్టిపరచిన రబ్బరు. ఏళ్ల తరబడి వెలుతురు సోకిన ఎబొనైట్ నీళ్లలో నానితే నలుపు పోయి ఆకుపచ్చ కలిసిన గోధుమరంగుకు తిరుగుతుంది. మర్నాడు ఆ కుర్రవాడు ఫొటో పెట్టాడు. నీళ్లు నిలిచిన గీత దాకా పాచి రంగు, ఆ పైన మునుపటి నలుపు. మధ్యలో గీత స్కేలుతో గీసినట్టు ఉంది.

సలహా ఇచ్చినాయన గంటలోపే జవాబు రాశారు. తప్పు తనదేనని, పెన్ను దేనితో చేసిందో అడగకుండానే చెప్పానని ఒప్పుకున్నారు. పాత సలహాను చెరిపేయలేదు. దాని నెత్తిన ఎర్ర అక్షరాలతో హెచ్చరిక చేర్చారు, ఇంకెవరూ దాన్ని నమ్మి మరో పెన్ను పాడుచేసుకోకుండా. ఆ తరువాత రెండు వారాల పాటు పొడి వేడితో ఆ భాగం విప్పడం, లోపల ఇంకు నిలిచే, చివికిన రబ్బరు తిత్తి తీసి కొత్తది లక్క జిగురుతో అతికించడం ఒక్కో మెట్టూ దగ్గరుండి చెప్పారు.

అదే నెలలో ఆయనకన్నా ఎక్కువ తెలిసిన మరొక సభ్యుడు ఒక పాళీ ఏ కాలానిదన్న వాదనలో ఓడిపోయారు. ఎదుటివారు ఆ కంపెనీ పాత కేటలాగు పేజీనే తెచ్చి చూపించారు. ఈయన ఆ చర్చలో తాను రాసినవన్నీ తొలగించి వెళ్లిపోయారు. మిగిలిన జవాబులు దేనికి జవాబులో తెలియకుండా గాలిలో వేలాడుతూ మిగిలాయి. ఆ ఏడాది ఇద్దరి పేర్లూ మోడరేటర్ పదవికి ప్రతిపాదనకు వచ్చాయి. మొదటాయనను తీసుకోవడానికి మాకు పది నిమిషాలు కూడా పట్టలేదు.

మోడరేటర్ తీసుకునే నిర్ణయాల్లో కొన్ని తప్పకుండా తప్పుతాయి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనేవారి చేతికి తొలగింపు మీట ఇస్తే ప్రతి తప్పూ ఒక యుద్ధమవుతుంది. దీనితోపాటు నేను చూసేవి ఇంకొన్ని ఉన్నాయి. ప్రశ్నను చివరి దాకా చదివి జవాబిస్తున్నారా? వాదన ముదిరినప్పుడు చివరి మాట ఎదుటివారికి వదిలేయగలరా? చెత్త పోస్టు కనిపిస్తే దాని కింద తిట్టు రాస్తారా, లేక ఫిర్యాదు మీట నొక్కి ఊరుకుంటారా? ఈ చివరిది చాలా చెబుతుంది. ఎన్నో ఫిర్యాదులు పంపి, ఒక్కసారి కూడా 'నేనే చెప్పాను' అని చాటుకోని సభ్యుడు అప్పటికే సగం మోడరేటర్. ఆయన గురించి మిగతావారికి తెలియదు. ఫిర్యాదుల పుస్తకం చూసే మీకు తెలుస్తుంది.

విషయం బాగా తెలిసినవారే మంచి మోడరేటర్లు కదా?

విషయం కొంత తెలియాలి. లేకపోతే ప్రమాదకరమైన సలహాను గుర్తుపట్టలేరు. సెల్యులాయిడ్ పెన్నుకు మంట చూపించమని ఎవరైనా రాస్తే అది భగ్గున అంటుకునే పదార్థమని మోడరేటర్‌కు తెలిసి ఉండాలి. అంతకుమించి పాండిత్యం అవసరం లేదు. పైగా మీ బృందంలో అందరికన్నా బాగా తెలిసిన మనిషిని ఈ పనిలో కూర్చోబెడితే, జవాబులు రాసే చేతితో ఫిర్యాదులు సర్దించినట్టే. బృందం బోలెడు జ్ఞానం నష్టపోతుంది.

'నన్ను మోడరేటర్‌ను చేయండి' అని తానే అడిగేవారిని తీసుకోవచ్చా?

అడగడం తప్పేమీ కాదు. ఎందుకు అడుగుతున్నారో శ్రద్ధగా వినండి. 'క్రమశిక్షణ బొత్తిగా లేదు, కొందరిని దారిలో పెట్టాలి' అంటే ఆగండి. ఆ కొందరు ఎవరో ఆయన మనసులో ఇప్పటికే ఉన్నారు. 'అమ్మకాల విభాగంలో ఫిర్యాదులు మూడు రోజులుగా అలాగే ఉన్నాయి, రాత్రిపూట నేను చూడగలను' అంటే మీరు వెతుకుతున్న మనిషి దొరికినట్టే.

అడగనివారిని మీరే అడగడం మరిచిపోకండి. మంచి మోడరేటర్లలో చాలామంది తమకు ఆ అర్హత లేదనుకునేవారే. మొదటిసారి వద్దంటే ఆరు నెలల తరువాత మళ్లీ అడగండి.

ఎన్నిక పెట్టాలా, నియమించాలా?

పెద్ద వేదికలు మూడు దారుల్లో నడిచాయి. రెడిట్ అనే చర్చల సైటులో ఒక ఉపవేదికను (ఒక్కో విషయానికి ఉండే బృందాన్ని) ఎవరు ప్రారంభిస్తే వారే మొదటి మోడరేటర్. వారు మిగతావారిని చేర్చుకుంటారు, జాబితాలో పైనున్నవారు కిందివారిని తొలగించగలరు. ప్రోగ్రాములు రాసేవారి ప్రశ్నలు, జవాబుల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఎన్నికలు జరుగుతాయి. అక్కడ మిగతావారి మెచ్చుకోలు ఓట్లతో వచ్చే పాయింట్లు 150 ఉంటే ఓటు వేయవచ్చు, 3000 ఉంటే నిలబడవచ్చు, ఓటరు అభ్యర్థులను తనకు నచ్చిన వరుసలో పేర్చి ఓటు వేస్తాడు. ఇంగ్లిష్ వికీపీడియాలో అభ్యర్థిత్వం మీద వారం రోజులు బహిరంగ చర్చ సాగుతుంది. మద్దతు 75 శాతం దాటితే సాధారణంగా ఎంపికైనట్టే, 65 శాతానికి తగ్గితే కానట్టే. నడుమ ఉంటే చర్చలో వచ్చిన వాదనల బరువు చూసి తేలుస్తారు. ఆ వారం రోజుల పరీక్షకు భయపడి మంచివారు ముందుకు రావడం లేదన్న బాధ అక్కడ చాలాకాలంగా ఉంది. అందుకే 2024లో రహస్య ఓటింగ్‌ను కూడా ప్రయత్నించి చూశారు.

చిన్న అభిరుచి బృందానికి నేను ఎన్నిక వద్దంటాను. యాభై మంది రోజూ మాట్లాడుకునే చోట ఓడిన మనిషి మర్నాడు కూడా అందరికీ కనిపిస్తాడు. ఎవరు తనకు ఓటు వేయలేదో లెక్కలు వేసుకుంటాడు. అంతకుముందు లేని రెండు వర్గాలను మనమే పుట్టించిన వాళ్లమవుతాం. దానికి బదులు ఉన్న మోడరేటర్లు ఒకరి పేరు అనుకుని, సభ్యులందరికీ వారం గడువిచ్చి, అభ్యంతరం ఉంటే విడిగా రాయమని అడగాలి. ఒక్క అభ్యంతరమైనా ఆధారంతో వస్తే ఆగి విచారించాలి. నియామకం పైవారిదే అయినా కింది మాట వినే కిటికీ తెరిచి ఉండాలి.

బృందం వేలల్లోకి పెరిగి, మోడరేటర్లకు సభ్యులెవరో, సభ్యులకు మోడరేటర్లెవరో తెలియని దశ వస్తే అప్పుడు ఎన్నికకు అర్థం ఉంటుంది. ఆ దశలో నియామకం మీద 'వాళ్లవాళ్లనే పెట్టుకున్నారు' అన్న అనుమానం తప్పదు.

పరీక్షా కాలం ఉండాలా?

ఉండాలి. మూడు నెలలు చాలు. మొదటి నెల పోస్టులు మార్చే, కలిపే అధికారం మాత్రమే ఇవ్వండి. తరువాత తొలగింపు. నిషేధించే అధికారం చివర. పరీక్షా కాలమని ముందే చెప్పి మొదలుపెడితే, నచ్చనప్పుడు తప్పుకోవడం ఆ మనిషికీ సులువు, మీకూ సులువు.

మోడరేటర్ తానే చర్చల్లో వాదించవచ్చా?

తప్పకుండా. అభిరుచి మీద ప్రేమ ఉండబట్టే కదా ఆ పని ఒప్పుకున్నాడు. అయితే తాను వాదిస్తున్న చర్చలో తాను అధికారం వాడకూడదు. ఇక్కడ సాంకేతిక వార్తల సైటు స్లాష్‌డాట్ పెట్టిన నియమం నాకు చాలా ఇష్టం. 1997లో మొదలైన ఆ సైటులో మామూలు సభ్యులకే వంతుల వారీగా కొన్ని పాయింట్లు ఇచ్చి, మూడు రోజుల్లో వ్యాఖ్యలకు విలువ కట్టమంటారు. విలువ కట్టిన చర్చలోనే ఆ సభ్యుడు తన వ్యాఖ్య కూడా రాశాడంటే, అక్కడ అతడు వేసిన పాయింట్లు రద్దవుతాయి. తగవు పడే మనిషే తీర్పు చెప్పకుండా యంత్రమే అడ్డుపడుతుంది.

మీ దగ్గర అలాంటి యంత్రం లేకపోతే మాటతో చేయండి. సొంత అభిప్రాయం మామూలు అక్షరాల్లో రాయండి. మోడరేటర్‌గా చెప్పే మాటను వేరే రంగులోనో, ఒక గుర్తుతోనో రాయండి. మీరున్న తగాదాలో ఏదైనా తొలగించాల్సి వస్తే మరో మోడరేటర్‌ను పిలవండి, ఆయన నిద్రలేచే దాకా ఆగాల్సి వచ్చినా సరే.

నేను కొత్త సభ్యుడిని. మంచి పేరు ఎలా వస్తుంది?

అందరూ మరిచిపోయే ఒక పని చేయండి. సలహా అడిగి తీసుకున్న తరువాత, ఏమైందో తిరిగి వచ్చి చెప్పండి.

మా పాత చర్చల్లో చాలా వాటికి ముగింపు లేదు. ఎవరో అడిగారు, నలుగురు ఓపికగా రాశారు, అడిగినవారు మాయమయ్యారు. ఆ మందు పనిచేసిందో లేదో, పెన్ను రాసిందో విరిగిందో ఎవరికీ తెలియదు. అయిదేళ్ల తరువాత అదే సమస్యతో వెతుక్కుంటూ వచ్చినవారికి ఆ చర్చ ఎందుకూ కొరగాదు. 'మీరు చెప్పినట్టు చేశాను, రెండో పద్ధతి పనిచేసింది, మొదటిది పనిచేయలేదు, ఇదిగో ఫొటో' అని నాలుగు ముక్కలు రాసిన కొత్త సభ్యుడి పేరు ఆ నలుగురికీ గుర్తుండిపోతుంది. మరోసారి అడిగితే ఆ నలుగురూ పరుగున వస్తారు.

పాచిరంగు పెన్ను కుర్రవాడు చేసిందీ అదే. పెన్ను పాడైన బాధలో వెళ్లిపోకుండా, ప్రతి మెట్టు తరువాతా ఫొటో పెట్టాడు. కొత్త తిత్తి వేసి మొదటిసారి ఇంకు నింపిన రోజు, ఆ పెన్నుతోనే కాగితం మీద తాతగారి పేరు రాసి చూపించాడు. ఎబొనైట్‌ను నీళ్లలో పెట్టవద్దని ఇప్పుడు ఎవరికి చెప్పాలన్నా మేము ఆ చర్చనే చూపిస్తాం.

ప్రశ్న అడిగేటప్పుడు ఇప్పటికే ఏం ప్రయత్నించారో చెప్పండి. ఫొటో పగటి వెలుతురులో, పక్కన కొలబద్ద పెట్టి తీయండి. తెలియని చోట తెలియదనండి. ఒకరి దగ్గర నేర్చుకున్నది మరొకరికి చెప్పేటప్పుడు నేర్పినవారి పేరు చెప్పండి. ఎదుటివారి పొరపాటు కనిపిస్తే ఆధారం ముందు పెట్టి, విశేషణాలు వదిలేయండి. ఒకే పేరుతో, ఒకే ఖాతాతో ఉండండి. ఖాతా మార్చిన ప్రతిసారీ మీ చరిత్రను మీరే పారేసుకుంటున్నారు.

పాండిత్యం లేకుండా కూడా పేరు వస్తుంది. మా దగ్గర ఒకావిడ పెన్నుల మరమ్మతు గురించి అంతగా రాయరు. చెల్లాచెదురుగా ఉన్న పాత జవాబులను ఏరి, పెన్ను రకాన్ని బట్టి ఒక సూచిక తయారుచేశారు. వారానికి ఒకసారి దాన్ని సరిచూస్తారు. ఆవిడ మాటకు ఉన్నంత బరువు మా బృందంలో ఇంకెవరి మాటకూ లేదు.

పాయింట్లు, బ్యాడ్జీలు పెట్టాలా?

వందల్లో ఉన్న బృందానికి అవసరం లేదు. ఎవరు ఎలాంటివారో అందరికీ తెలుసు, ఆ తెలివిడిని అంకెలోకి మార్చితే పలచబడుతుంది. వేలల్లోకి వెళ్లాక, ముక్కూ మొహం తెలియనివారి జవాబుల్లో దేన్ని నమ్మాలో చూపడానికి ఏదో ఒక గుర్తు కావాలి. అప్పుడు కూడా ఓటు జవాబు మీద పడేలా చూడండి. మనిషికి వచ్చే పాయింట్లు ఆ జవాబుల మొత్తంగా మాత్రమే ఉండాలి.

స్టాక్ ఓవర్‌ఫ్లో 2008 నుంచి నడుపుతున్న లెక్క చూడండి. జవాబుకు ఒక మెచ్చుకోలు ఓటు పడితే 10 పాయింట్లు. వ్యతిరేక ఓటు పడితే 2 పోతాయి, ఆ ఓటు వేసినవారికి కూడా 1 పోతుంది. ఆ ఒక్క పాయింటు చూడడానికి చిన్నదే. కానీ కోపంతో చురక వేసి పోయే చేతిని ఒక్క క్షణం ఆపుతుంది. ఓట్ల వల్ల వచ్చేవి రోజుకు 200 దాటవు. పాయింట్లతోపాటు బాధ్యతలూ పెరుగుతాయి: 50 ఉంటే ఎవరి పోస్టు కిందైనా వ్యాఖ్య రాయవచ్చు, 2000 ఉంటే ఇతరుల రాతను నేరుగా సవరించవచ్చు, 3000 ఉంటే ప్రశ్నను మూసేయాలని ఓటు వేయవచ్చు. కొద్దిమంది మోడరేటర్లు మోయలేని బరువు ఇలా వేలమంది భుజాల మీదికి వెళ్లింది.

ఇక నష్టం. కొలిచేదే లక్ష్యమైతే ఆ కొలత చెడిపోతుందని ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ పేరు మీద ఒక సూత్రం ఉంది. ఆయన 1975లో ద్రవ్య విధానం గురించి అన్న మాటలోంచి పుట్టింది అది. అభిరుచి బృందంలో ఆ మాట ఎలా నిజమవుతుందో నేను కళ్లారా చూశాను. మేము ఒక ఏడాది పాటు లైకులు లెక్కపెట్టి, నెలనెలా మొదటి పదిమంది పేర్లు పైన పెట్టాం. 'మీకు ఇష్టమైన ఇంకు రంగు ఏది?' లాంటి ప్రశ్నలు వరదలా వచ్చాయి. వాటికి లైకులు రాలడం తేలిక. పగిలిన మూతను అతికించే పద్ధతి మీద ఒకాయన మూడు రోజులు కూర్చుని రాసిన జవాబుకు నాలుగు లైకులు వచ్చాయి. రెండు నెలలకు ఆయన రాయడం తగ్గించారు. జాబితా తీసేశాం. ఆయన తిరిగి మునుపటిలా రాయడానికి చాలాకాలం పట్టింది. ఆ జాబితా పెట్టమని ప్రతిపాదించింది నేనే, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

స్లాష్‌డాట్ కూడా ఇలాంటిదే చూసింది. సభ్యుల పేరు ప్రతిష్ఠలకు కొలతైన 'కర్మ' పాయింట్లను మొదట అంకెల్లో చూపేది. జనం దాన్ని ఆటలో స్కోరులా పెంచుకోవడం మొదలుపెట్టేసరికి అంకె దాచేసి 'మంచిది', 'అద్భుతం' లాంటి మాటలు మాత్రమే చూపసాగింది.

నాకు అన్నిటికన్నా నచ్చినది చర్చా వేదికలు నడిపే డిస్కోర్స్ సాఫ్ట్‌వేర్‌లోని నమ్మకపు మెట్లు. మొదటి మెట్టు ఎక్కడానికి ఏమీ రాయనక్కరలేదు. మామూలు అమరికలో అయిదు చర్చలు తెరిచి, 30 పోస్టులు చదివి, పది నిమిషాలు గడిపితే చాలు. మాట్లాడేవారిని మాత్రమే లెక్కపెట్టే లోకంలో వినేవారిని కూడా లెక్కలోకి తీసుకోవడం ఎంత మంచి ఆలోచన! మూడో మెట్టు శాశ్వతం కాదు. గడచిన 100 రోజుల్లో సగం రోజులైనా వస్తూ పోతూ ఉండాలి, లేకపోతే ఒక మెట్టు దిగిపోతారు. నాలుగోది మాత్రం యంత్రం ఇవ్వదు, మనిషే ఇవ్వాలి.

కొనుగోళ్లు, అమ్మకాలు జరిగే బృందంలో నమ్మకాన్ని ఎలా చూపాలి?

జ్ఞానం వల్ల వచ్చిన పేరునూ, లావాదేవీల వల్ల వచ్చిన పేరునూ ఎప్పుడూ కలపకండి. చక్కగా జవాబులు రాసే మనిషి డబ్బు దగ్గర నిజాయితీగా ఉంటాడని ఏమీ లేదు. మోసగాళ్లకు ఇది బాగా తెలుసు. ఆరు నెలలు తీయగా మాట్లాడి, చిన్న వస్తువులు నాలుగు సరిగ్గా పంపి, అయిదోసారి ఖరీదైన దానికి డబ్బు తీసుకుని మాయమవుతారు. అందుకే ఎన్ని లావాదేవీలు జరిగాయన్నదానితోపాటు ఎంత విలువైనవి జరిగాయో కూడా రాయించండి.

ఇద్దరూ ఒకరికొకరు మార్కులు వేసుకునే పద్ధతిలో ఒక బలహీనత ఉంది. నువ్వు నాకు తక్కువ వేస్తే నేనూ వేస్తానన్న భయంతో అందరికీ మంచి మార్కులే పడతాయి. ఆన్‌లైన్ అమ్మకాల సైటు ఈబే ఇది చూసి 2008లో అమ్మేవారు కొనేవారికి చెడు మార్కు వేసే వీలు తీసేసింది. చిన్న బృందంలో ఇంకో దారి ఉంది. ఇద్దరి మాటలూ అందే దాకా మోడరేటర్ రెండింటినీ దాచి ఉంచి, ఒకేసారి బయటపెట్టవచ్చు.

ఎన్నో ఏళ్ల సేవ ఉన్న సభ్యుడు కొత్తవారిని కించపరుస్తున్నాడు. ఏం చేయాలి?

అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఇది. ఆయన చేసిన మేలు నిజం, చేస్తున్న కీడూ నిజం. మేలు రాతపూర్వకంగా కళ్లముందు ఉంటుంది. కీడు కనిపించదు, ఎందుకంటే మాటపడిన కొత్త సభ్యుడు చప్పుడు చేయకుండా వెళ్లిపోతాడు. వెళ్లిపోయినవారిని లెక్కపెట్టండి. గత ఆరు నెలల్లో ఆయన జవాబిచ్చిన కొత్తవారిలో ఎందరు రెండో ప్రశ్న అడిగారో చూడండి. ఆ లెక్క చేతిలో ఉంటే మాట్లాడడం సులువు.

శిక్ష మెట్లుమెట్లుగా ఉండాలి. ఉమ్మడి చెరువులు, అడవులు, చేపల వేటలను జనం తమంతట తాము ఎలా కాపాడుకుంటారో పరిశోధించి 2009లో నోబెల్ బహుమతి పొందిన ఎలినార్ ఆస్ట్రమ్, చాలాకాలం నిలిచిన ఏర్పాట్లన్నిటిలో కనిపించే లక్షణాల్లో దీన్నీ చేర్చారు: మొదటి తప్పుకు చిన్న శిక్ష, తప్పు తిరిగి జరిగేకొద్దీ పెద్దది. మొదట విడిగా, గౌరవంగా రాయండి. 'మీ ఈ వాక్యం ఆ కుర్రవాడికి ఇలా వినిపించింది' అని ఆ వాక్యాన్నే ఎత్తి చూపండి. తరువాత రాతపూర్వక హెచ్చరిక, ఆపైన వారం విరామం, ఆపైన నెల. మా దగ్గర ఇలా ఒకరికి మూడో మెట్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. వారం తరువాత తిరిగి వచ్చి, కొత్తవారి విభాగంలో మాత్రం ఇక రాయనని తానే చెప్పారు. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నారు, మిగతా విభాగాల్లో ఆయన జవాబులు ఇప్పటికీ బంగారమే.

తొలగించిన పోస్టుకు కారణం చెప్పాలా?

చెప్పాలి. ఏ నియమం కింద తొలగించారో, ఎవరికి విన్నవించుకోవచ్చో ఒక్క వాక్యంలోనైనా చెప్పాలి. ప్రకటనల చెత్తకు మాత్రం అక్కరలేదు. విన్నపాన్ని తొలగించిన మోడరేటరే చదవకూడదు.

మోడరేటరే అధికారాన్ని దుర్వినియోగం చేస్తే?

కంచే చేను మేస్తే చెప్పుకోవడానికి ఒక చోటు ముందే ఉండాలి. మోడరేటర్లందరి చర్యలూ నమోదయ్యే పుస్తకాన్ని మిగతా మోడరేటర్లు నెలకోసారి తిరగేయాలి. ఏడాదికోసారి ప్రతి మోడరేటర్‌నూ కొనసాగుతారా అని అడగండి. ఆరు నెలలుగా కనిపించనివారి అధికారాలు వెనక్కి తీసుకోండి, కృతజ్ఞత చెప్పి మరీ. వాడని ఖాతా దొంగల చేతిలో పడితే బృందం మొత్తం ఒక్క రాత్రిలో తుడిచిపెట్టుకుపోగలదు.

కృత్రిమ మేధతో రాయించిన జవాబులతో పేరు సంపాదించేవారిని ఏం చేయాలి?

చాట్‌జీపీటీ వచ్చిన కొద్ది రోజులకే, 2022 డిసెంబరులో, స్టాక్ ఓవర్‌ఫ్లో దానితో రాయించిన జవాబులను నిషేధించింది. చూడడానికి చక్కగా ఉండి లోపల తప్పులున్న జవాబులు కుప్పలుగా వచ్చిపడ్డాయి, సరిచూసేవారు చాలలేదు. అభిరుచి బృందంలో జవాబుకున్న విలువంతా 'నేను చేసి చూశాను' అన్న మాటలోనే ఉంది. కాబట్టి భాషను చూసి అనుమానించకండి. చేసి చూసిన ఆనవాలు అడగండి. ఏ పెన్ను మీద చేశారు, ఎంతసేపు పట్టింది, ఎక్కడ ఇబ్బంది పడ్డారు? నిజంగా చేసినవారు ఈ ప్రశ్నకు సంతోషంగా పేజీలు రాస్తారు.

మోడరేటర్లు అలసిపోయి వెళ్లిపోతున్నారు. ఎలా నిలుపుకోవాలి?

ఇది జీతం లేని పని. 2023 జూన్‌లో రెడిట్ విధానాలకు నిరసనగా వేలాది ఉపవేదికల మోడరేటర్లు తలుపులు మూసేశారు. అదే నెలలో స్టాక్ ఎక్స్‌చేంజ్ (స్టాక్ ఓవర్‌ఫ్లో కూడా భాగమైన ప్రశ్నలు, జవాబుల సైట్ల సమూహం) మోడరేటర్లు పని ఆపేశారు. అడక్కుండా తమ మీద నిర్ణయాలు రుద్దారన్న బాధ రెండుచోట్లా ఉంది. చిన్న బృందంలో నిర్వాహకుడు ఈ తప్పు చేయడం ఇంకా తేలిక, ఎందుకంటే అడ్డు చెప్పేవారుండరు. నియమం మార్చే ముందు దాన్ని అమలు చేయాల్సినవారిని అడగండి. సెలవు వంతులు పెట్టండి, ఆ నెల ఫిర్యాదులు వారి కంటికి కనిపించకుండా చేయండి. అభిరుచి కోసం వచ్చిన మనిషికి అభిరుచి కోసం సమయం మిగలాలి. మా దగ్గర సెలవు తీసుకున్న మోడరేటర్ ఆ నెలలో తాను బాగుచేసిన ఒక పెన్ను గురించి రాయాలని ఆనవాయితీ. ఇంతవరకు ఎవరూ తప్పలేదు.

నిర్వాహకుడు హఠాత్తుగా లేకుండా పోతే?

మాకు ఇది జరిగింది. మా బృందాన్ని మొదలుపెట్టినాయన ఒక అనారోగ్యంతో నెలల పాటు మంచం పట్టారు. డొమైన్ గడువు 19 రోజుల్లో తీరిపోతుందని మాకు అనుకోకుండా తెలిసింది. పాస్‌వర్డు ఆయనకొక్కరికే తెలుసు. ఆ స్థితిలో ఆయన భార్యకు ఫోను చేసి ఆ మాట అడగాల్సి రావడం నాకు ఎంతో కష్టమనిపించింది. ఆమె ఓపికగా ఆయన నోటుపుస్తకం వెతికి చదివి వినిపించారు. ఇప్పుడు డొమైన్, సర్వరు, బ్యాకప్ వివరాలున్న పత్రం ముగ్గురి దగ్గర సీలు వేసి ఉంది. ఏటా జనవరిలో దాన్ని తెరిచి, అందులోని ప్రతి పాస్‌వర్డూ పనిచేస్తోందో లేదో పరీక్షించి, మళ్లీ సీలు వేస్తాం.